మా ఆయన నేర్చుకున్న రుచుల ఇంగ్లీషు

మొన్న ఆదివారం మా మనవరాలు వంటింటి గట్టు మీద ఫోను నిలబెట్టి, దాని ఎదురుగా తను నిలబడి, అప్పుడే వేయించిన ఏదో పకోడీలాంటిదాన్ని కొరికి, పక్కగదిలోకి వినపడేటట్టు నమిలి, కళ్ళు మూసుకుని ఇంగ్లీషులో ఓ దండకం చదివింది. క్రిస్పీ అంది, టాంగీ అంది, స్మోకీ అంది, ఇంకా నేను పుట్టి బుద్ధెరిగాక వినని మాటలు కూడా ఒకటి రెండు అంది. అది హోటలు చదువు చదువుతోంది లెండి, తిన్నది తిని చెయ్యి కడుక్కుంటే కుదరదట, రుచిని మాటల్లో పెట్టి చెప్పాలట. మన చిన్నప్పుడు తింటూ మాట్లాడితే పొలమారుతుందని వీపు మీద ఒకటి వేసేవారు, ఇప్పుడు దానికే డిగ్రీ ఇస్తున్నారు. ఆ తర్వాత అది ఫోను నా వైపు తిప్పి, ఒక ముక్క నా నోట్లో పెట్టి, "నానమ్మా, జల్దీ, ఒక్క వర్డ్‌లో చెప్పు" అంది. నేను ఆలోచించకుండానే క్రంచీ అన్నాను. అన్నాక నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పచ్చిమిరపకాయ తగిలిందనుకుని పాపం అది మంచినీళ్ళకి పరిగెత్తింది.

కారం వల్ల కాదని దానికి చెప్పలేదు. చెప్పినా, తెలుగులో సగం, హిందీలో సగం చెప్పేసరికి ఆ సంగతి చప్పబడిపోతుంది. మీరైతే నా ఈడు వాళ్ళు, కొత్త కాపురంలో మొగుడు అన్నం తింటుంటే గుమ్మం పక్కన నిలబడి అతని ముఖం చూసిన వాళ్ళు, మీకైతే చెప్పుకోవచ్చు.

నా పెళ్ళయి భిలాయి వచ్చేనాటికి ఈ సెక్టార్లలో చెట్లు ఇంత గుబురుగా లేవు, క్వార్టర్లన్నీ ఎండలో బోడిగా, ఒకే పోలికతో ఉండేవి. విజయనగరంలో రైలెక్కి, రాయపూర్‌లో బండి మారి, పవర్ హౌస్ స్టేషన్‌లో దిగి, రిక్షాలో సామాన్లతోపాటు కూర్చుని వచ్చాను. మొదటి నెలంతా బజారుకి వెళ్ళొస్తూ నా ఇల్లనుకుని పక్కవాళ్ళ గుమ్మం ఎక్కేదాన్ని. హిందీ రాదు, చుట్టుపక్కల మాట తెలియదు, తెలిసిందల్లా వంట. మా అమ్మ వంటకి బొబ్బిలి చుట్టుపక్కల పేరుండేది, ఎవరింట పెళ్ళయినా పులిహోరలో పులుపు సరిపోయిందో లేదో చూసి వెళ్ళమ్మా అని ఆవిడకి కబురొచ్చేది. ఆవిడ కూతుర్నన్న పొగరు నాకు కొంచెం ఎక్కువే ఉండేది. ఊరు కాని ఊళ్ళో నాకంటూ ఉన్న ఆస్తి అదే.

మా ఆయన ఉక్కు ప్లాంటులో ఫిట్టరు. మంచి మనిషి, మాట తక్కువ. షిఫ్టు నుంచి సైకిలు మీద వచ్చి, కాళ్ళు కడుక్కుని, కంచం ముందు కూర్చుని, పెట్టింది పెట్టినట్టు తిని, బాగుంది అని లేచేవారు. పరమాన్నం చేసినా బాగుంది, చారు పోసినా బాగుంది, ఒకరోజు పెసరట్టు మాడి నల్లగా అయితే అదీ బాగుంది. మెచ్చుకుంటున్నాడు కదా ఇంకేం కావాలి అంటారేమో, అలా అన్నిటికీ ఒకే మెప్పు దొరికితే వండేదానికి ఒళ్ళు మండుతుందో లేదో మీకు తెలియనిదా. ఉప్పు సరిపోయిందా అని అడిగితే సరిపోయింది అనేవారు. పులుపు ఎక్కువైందా అంటే లేదే అనేవారు. వంకలు పెట్టే మొగుడి గురించి ఏడ్చేవాళ్ళని చూశాను గానీ, వంక పెట్టని మొగుడి గురించి పెరట్లో జామచెట్టు కింద కూర్చుని ఏడ్చినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. నా వంట ఈయనకి ఆనలేదు, చెప్పలేక ఊరుకుంటున్నాడు అనుకున్నాను. వంట ఆనకపోతే నేనూ ఆనలేదన్నమాటే కదా అని కూడా అనుకున్నాను. ఇరవై ఏళ్ళు నిండని బుర్ర, ఇంకెలా ఆలోచిస్తుంది.

అలాంటి రోజుల్లో మా పక్క క్వార్టర్లోకి టీచరక్క వచ్చింది. కాకినాడ వైపు వాళ్ళు, క్రైస్తవులు, భర్త ప్లాంటు ఆఫీసులో, ఆవిడ బడిలో ఇంగ్లీషు టీచరు. మనిషి సన్నగా, గొంతు పెద్దగా ఉండేది. ఆవిడ వచ్చిన కొత్తలోనే మా వరస ఆడవాళ్ళని చూసి తల పట్టుకుంది. ఎదురింటి పంజాబీ దీదీకి బెంగాలీ ఆవిడ మాట తెలియదు, బెంగాలీ ఆవిడకి మలయాళీ ఆవిడ మాట తెలియదు, నా మాట ఎవరికీ తెలియదు, అందరం ఒకరినొకరం చూసి నవ్వుకుని తలుపులు వేసుకునేవాళ్ళం. పిల్లలకి జ్వరమొస్తే డాక్టరుకి చెప్పడానికి కూడా మొగుళ్ళు షిఫ్టు దిగి రావాల్సిందే. బడి అయ్యాక సాయంత్రం మా ఇంటి ముందుకు రండి, నాలుగు ఇంగ్లీషు మాటలు నేర్పిస్తాను అంది టీచరక్క. ఫీజేమిటి అని దీదీ అడిగితే, ఏదైనా వండి తెండి అంది. అలా ఆవిడ ఇంగ్లీషు మొదలైందే తిండితో.

అక్షరాలతో, పిల్లీ కుక్కా బొమ్మలతో మొదలుపెట్టే రకం కాదు ఆవిడ. మీ అందరికీ బాగా తెలిసినదాని గురించి మాట్లాడితే మాట తొందరగా వస్తుంది అని, ఒక చెక్కకి నల్ల రంగు వేయించి దాని మీద రుచుల మాటలు రాసింది. వారానికొక ఇంట్లో వంట, మిగిలినవాళ్ళు తిని తలా ఒక మాట ఇంగ్లీషులో చెప్పాలి, ఒకరు చెప్పిన మాట ఇంకొకరు చెప్పకూడదు. స్వీట్, సోర్, బిట్టర్ మొదట అయిపోయేవి, ఆఖరున మిగిలిన ఆవిడ పాపం చెక్క వైపు దిక్కులు చూసేది. మొదట్లో నాకు ఆ భాష మీద జాలేసింది. కమ్మగా ఉంది అనడానికి వాళ్ళ దగ్గర మాట లేదట. వంకాయ కనరెక్కింది అన్నానని, అదేమిటో టీచరక్కే అందరికీ ఇంగ్లీషులో చెప్పబోయి, సగంలో నవ్వు ఆపుకోలేక, దీనికి వాళ్ళు మళ్ళీ పుట్టి వంకాయ తినాలి అని వదిలేసింది. వగరుకి మాత్రం ఒక పెద్ద మాట ఉంది, అది పలికేసరికి వెలగకాయ తిన్నట్టే గొంతు పట్టేసేది. కానీ పోనుపోను తెలిసిందేమిటంటే, మనకి లేనివి వాళ్ళకి బోలెడున్నాయి. కరకరలాడేదానికి ఒకటి కాదు, రెండు మూడు. పొరలు పొరలుగా విడిపోతే ఒకటి, పిండితే రసం కారేలా ఉంటే ఒకటి, వెన్నలా జారితే ఒకటి, పంటి కింద మెత్తగా నలిగితే ఒకటి. వీళ్ళు అన్నం నాలుకతో తింటారా పళ్ళతో తింటారా అని నేను ఆశ్చర్యపోయేదాన్ని.

టీచరక్క హోంవర్కు కూడా ఇచ్చేది. రోజుకి ఒక మాట ఇంట్లో భోజనాల దగ్గర వాడాలి, వాడామని ప్రమాణం చేయాలి. నాకు ఇంట్లో ఉన్నది ఒక్కరే కదా, ఆయన్నే కూర్చోబెట్టుకున్నాను. చెక్క మీద మాటలన్నీ తెలుగు అక్షరాల్లో పాత కాలెండరు వెనక రాసుకొచ్చి గోడకి తగిలించి, వాటి అర్థాలు చెప్పి, ఈ రోజు కూర గురించి ఇందులోంచి ఒకటి చెప్పండి అన్నాను. తినబోతూ రుచులడగడం ఎందుకు అని తప్పించుకోబోయారు. తిన్నాకే చెప్పండి అన్నాను. ఆయన వేయించిన వడియం ఒకటి నోట్లో వేసుకుని, గోడ వైపు చాలాసేపు చూసి, పరీక్ష రాస్తున్న పిల్లాడిలా, క్రంచీ అన్నారు. ఏం చెప్పను, ఆ ఒక్క మాటకి నాకు ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు, కడుపు నిండిపోయింది.

అక్కణ్ణుంచి ఆయనకి ఆ ఆట నచ్చింది. నాకన్నా ముందు ఆయనకే మాటలు వచ్చేశాయి. పెరుగన్నానికి క్రీమీ, లేత బెండకాయకి టెండర్, అట్టు అంచుకి క్రిస్పీ, మామిడి ముక్కకి జూసీ, ఆవ పెట్టిన పనసపొట్టు కూర తిన్న రోజున ముక్కు పట్టుకుని కళ్ళు తుడుచుకుంటూ షార్ప్ అన్నారు, ఆ కూర ఇంకోసారి పెట్టించుకున్నారు కూడా. సైకిలు స్టాండు వేస్తుండగానే ఇవాళేమిటి క్రంచీయా క్రీమీయా అని అడిగేవారు. రెండు మూడు నెలల్లో మా ఇద్దరి మధ్య మాటలు పెరిగాయి. కూర గురించి మొదలుపెట్టి, ప్లాంటులో సూపర్‌వైజరు గురించి, ఆయన చిన్నప్పుడు ఈదిన చెరువు గురించి, మా తమ్ముడి చదువు గురించి, పొయ్యిలో బొగ్గులు ఆరిపోయేదాకా చెప్పుకునేవాళ్ళం. మొగుడి దగ్గర చనువు నాకు ఇంగ్లీషులో వచ్చింది అంటే నవ్వకండి. క్లాసులో ఆయన మాటలన్నీ అప్పజెబితే టీచరక్క, నీకన్నా మీ ఆయనే మంచి స్టూడెంటు అనేది. జామచెట్టు కింద ఏడుపులు ఆగిపోయాయి. నా చేతి వంట ఈ మనిషి ప్రతి ముద్దా గమనించి తింటున్నాడు అనుకుని గాల్లో తేలిపోయేదాన్ని.

వంట వంతు మా ఇంటికి వచ్చింది. అది కార్తీక సోమవారం, నేను నక్షత్రం చూసేదాకా ఉపవాసం, అయినా రోజు మార్చమని అడగలేదు. వీళ్ళెవ్వరూ ఎరగని రుచి ఒకటి పెట్టాలని నా పట్టుదల. పవర్ హౌస్ బజారులో మన వైపు నుంచి రైలు మీద కూరలు తెచ్చి అమ్మే ముసలమ్మ ఒకావిడ ఉండేది, ఆవిడ దగ్గర పసుపుపచ్చటి దోసకాయలు దొరికాయి. పులిహోర, వడియాలు, అన్నిటికీ తలమానికంగా దోసకాయ పప్పు అనుకున్నాను. దోసకాయ కోస్తే ముక్క నోట్లో వేసుకుని చూడకుండా కుండలో వేయకూడదన్నది మనకి ఉగ్గుపాలతో వచ్చిన పాఠం, ఒక్క చేదుకాయ పడితే కుండెడు పప్పూ పారబోసుకోవాలి. నేనా ఉపవాసం, నోట్లో ఏదీ వేసుకోను. ఆ రోజు మా ఆయనకి వీక్లీ ఆఫ్, పెరట్లో సైకిలుకి నూనె వేస్తున్నారు. ఒక్కో కాయలోంచీ ఒక్కో ముక్క తీసి పళ్ళెంలో పెట్టి, చేదుందేమో చూడండి అని ఇచ్చాను. ఆయన ఒక్క క్షణం పళ్ళెం వైపు చూసి, అన్నీ తిని, ఫ్రెష్, జూసీ, క్రిస్పీ అన్నారు. ఒకేసారి మూడు మాటలు వచ్చాయని మురిసిపోయి కాయలన్నీ పప్పులో వేశాను.

మధ్యాహ్నం ఆడవాళ్ళందరూ వచ్చారు. ఆడవాళ్ళ మధ్య నేనెందుకని ఆయన మరోదా సెక్టారులో స్నేహితుడి ఇంటికి వెళ్ళారు. పులిహోరకి మాటలు బాగా పలికాయి, వడియాలకీ పలికాయి, పప్పు దగ్గరకి వచ్చేసరికి అందరూ ఒక్కసారి సద్దుమణిగారు. బెంగాలీ ఆవిడ మంచినీళ్ళు అడిగింది. దీదీ ఏదో అనబోయి టీచరక్క ముఖం చూసి ఆగింది. చాలా కొత్తగా ఉంది అని ఒకరు, మా వైపు ఇలాంటిది లేదు అని ఒకరు చెప్పి లేచారు. కంచాలు తీస్తుంటే అన్నిట్లోనూ పప్పన్నం పక్కకి నెట్టి ఉంది. అందరూ వెళ్ళాక టీచరక్క ఒక్కత్తీ వంటింట్లోకి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, మెల్లిగా చెప్పింది. "చెల్లీ, పప్పు చేదుగా ఉందమ్మా. కాయ ఎవరు చూశారు?"

చూశారక్కా అన్నాను గానీ, ఎవరో చెప్పలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా లోపల ఒక మొండితనం, ఈవిడకి దోసకాయ పప్పు అలవాటు లేదేమో, ఆయన ప్రతి కాయా తిని చూశారు కదా అని. పోనీ ఒక మెతుకు వేసుకుని చూద్దామంటే ఉపవాసం. టీచరక్క మాట నమ్మాలా మొగుడి మాట నమ్మాలా తెలియక, గిన్నె మూత తీసి చూస్తూ కూర్చున్నాను.

అంతలో ఆయన వచ్చారు. మరోదాలో టీ తప్ప ఏమీ ముట్టలేదు, ఆకలేస్తోంది అన్నారు. నేను పప్పు సంగతి ఎత్తకుండా అన్నం పెట్టి, పప్పు వేసి, పక్కనే గరిటె పట్టుకుని నిలబడ్డాను. కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ముఖంలో ఏ మార్పూ లేదు. రెండో ముద్ద, మూడో ముద్ద. ఇంకాస్త వెయ్యి అని కంచం జరిపారు, వేశాను. గోడ మీద కాలెండరు వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగి, క్రీమీ అన్నారు. ఎంత ప్రేమగా అన్నారంటే, టీచరక్క అబద్ధమాడిందని ఆ నిమిషంలో నేను గట్టిగా నమ్మాను.

సాయంత్రం పెరట్లో నక్షత్రం కనిపించింది. దీపం పెట్టి, దణ్ణం పెట్టుకుని, లోపలికి వచ్చి, పళ్ళూ పాలూ పక్కన పెట్టి, మొదట ఆ పప్పే వేలితో తీసుకుని నాలుక మీద రాసుకున్నాను. విషం. గొంతు దిగలేదు, పరిగెత్తి ఉమ్మేశాను. ఈ పప్పుతో ఆయన రెండుసార్లు అన్నం కలుపుకున్నారు. క్రీమీ అన్నారు. ఆ ఆట మొదలైన నాటి నుంచి ఆయన నా వంట గురించి అన్న మాటలన్నీ వరసగా చెవుల్లో తిరిగాయి, క్రంచీ, క్రిస్పీ, టెండర్, జూసీ. వాటిలో ఒక్కదానికీ నాలుక అక్కర్లేదు. ఒక్క రోజూ తియ్యగా ఉందనలేదు, పుల్లగా ఉందనలేదు, ఉప్పు చాలలేదనలేదు.

గుమ్మం దగ్గర కూర్చుని ఉన్నారు ఆయన. నేను ఎదురుగా వెళ్ళి కూర్చుని, పప్పు చేదు విషంలా ఉంది, మీకు నిజంగా తెలియలేదా అని అడిగాను. కోపంగా అడుగుదామనుకున్నాను, గొంతు కోపానికి సాయం రాలేదు. ఆయన తల దించుకున్నారు.

"నాకేటీ తెలీదే. తీపీ తెలీదు, సేదూ తెలీదు. సిన్నప్పుడు టైఫాయిడ్ జొరం వొచ్చింది, తగ్గినాక ఇది పోయింది. మంట తెలుస్తాది, ఆవ ఘాటు ముక్కుకి తగుల్తాది, కరకరలాడితే తెలుస్తాది. అంతే."

మరి నాకెందుకు చెప్పలేదు, కాయలు రుచి చూడమన్నప్పుడైనా చెప్పొచ్చు కదా అన్నాను. పదింట తొమ్మిది కాయలు మంచివే ఉంటాయి కదా అని ధైర్యం చేశారట. ఆ తర్వాత అసలు సంగతి చెప్పారు.

"మాయమ్మకి తెలిసినకాడ్నించి నా కోసమని ఏటీ వొండలేదు. ఈడికేటి పెట్టినా ఒకటే కదా అనీది. నిన్నటి కూర ఉంటే నాకే ఎట్టీది. నువ్వూ అలాగే అంతావేమోనని."

మా అత్తగారు చెడ్డ మనిషి కాదు, ఇంటినిండా పిల్లలు, ఉన్న కాస్త కొత్త కూర రుచి తెలిసినవాళ్ళకి పెట్టి, మిగిలింది తెలియనివాడికి పెట్టడం ఆవిడ లెక్కలో న్యాయమే. కానీ అందరూ వేడి వేడి కూరతో తింటుంటే, నీకెలాగూ తెలియదు కదా అని నిన్నటిది వడ్డించిన కంచం ముందు కూర్చున్న పిల్లాడు నాకు కనిపించాడు. ఆ పిల్లాడు పెద్దవాడై, పెళ్ళి చేసుకుని, భార్య తన కోసమని వండుతుంటే, ఆ వంట ఆగిపోతుందేమో అని భయపడి, గోడ మీద మాటలు బట్టీపట్టి, నాలుక లేకుండా చెప్పగల మెప్పులన్నీ ఏరుకుని నాకు అప్పజెబుతూ వచ్చాడు. తెలుగులో అడిగినన్నాళ్ళూ ఉప్పా పులుపా అని నిలదీశాను, తప్పించుకోవడానికి బాగుంది అన్న ఒక్క మాటే ఆయనకి దొరికింది. ఇంగ్లీషు వచ్చాక పాపం ఊపిరి పీల్చుకున్నారు.

ఓదార్పు మాటలు నాకు చేతకావు. లేచి వెళ్ళి బొగ్గుల సిగ్రీ మళ్ళీ రాజేశాను. ఆవాలు నూరి అరటికాయ కూరలో దండిగా పెట్టాను, వడియాలు వేయించాను, అట్లు అంచులు కరకరలాడేలా కాల్చాను. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. ఆయన వడియం కొరికి, నా ముఖం చూసి, మాట చెప్పాలా వద్దా అని సందేహిస్తుంటే, చెప్పండి అన్నాను. చెప్పారు.

క్లాసులో మాత్రం, ఉపవాసం కదా, కాయలు నేను చూడకుండానే వేసేశాను అని చెప్పేశాను. టీచరక్క నా వైపు ఒకసారి చూసి, చెక్క మీద కొత్త మాట రాయడానికి తిరిగింది. ఆ వారం మీ ఆయన ఏమన్నారు అని కూడా అడగలేదు. ఆవిడకి తెలిసిపోయిందని ఇప్పటికీ నా అనుమానం.

ఆ మరుసటి వేసవిలో మా అత్తగారు మనవడి పురుటికని వచ్చి మాతో కొన్నాళ్ళున్నారు. పురుడు నాదే, నడుం కట్టుకుని పచ్చిబాలింతకి వండిపెట్టింది ఆవిడే, ఆ రుణం మరచిపోకూడదు. నేను లేచి తిరుగుతున్న కొత్తలో ఒకరోజు కొత్తావకాయ కలిపి, అందరికీ వేస్తూ, కొడుకు కంచం దగ్గరకి వచ్చేసరికి, "ఈడికెందుకే కొత్తది, ఆ పాత పచ్చడి ఎయ్యి" అన్నారు. అంతవరకు ఆవిడకి ఎదురు చెప్పి ఎరగను. చంటివాణ్ణి ఒళ్ళోంచి దింపి, జాడీ అందుకుని, "నా ఇంట్లో ఆయనకే ముందు పెడతాను అత్తా" అన్నాను. ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు. అత్తగారు నన్ను చూశారు, కొడుకుని చూశారు. కొత్తావకాయ ఆయన కంచంలో వేశాను.

ఆవిడ ఊరికి వెళ్ళే ముందు రోజు, ఎవరూ అడగకుండానే జంతికలు వండటానికి కూర్చున్నారు. పిండి ఎందుకంత గట్టిగా కలుపుతున్నారంటే, ఇంకాస్త గట్టిగా కలిపారు. మొదటి వాయి తీసి, చల్లార్చి, ఒకటి విరిచి శబ్దం విని, అది పారేసి, రెండో వాయి ఇంకాస్త ఎర్రగా వేయించి, కొడుకుని పిలిచి చేతిలో పెట్టి, ఎలాగుందిరా అని అడిగారు. నా ఎరుకలో ఆవిడ ఆయన్ని అలా అడగడం అదే మొదలు. ఆయన కొరికి, నమిలి, తల్లి వైపు చూస్తూ క్రంచీ అన్నారు. ఆ మాట ఆవిడకేం అర్థమవుతుంది, అయినా డబ్బా నిండా వండి వెళ్ళారు.

తర్వాత కాపురం తన దారిన తను సాగింది. పిల్లలు పెరిగారు, నాన్నకి రుచి తెలియదన్న సంగతి వాళ్ళకి తెలియనివ్వలేదు, తెలిస్తే వాళ్ళలో ఎవరి నోటి నుంచి ఏం పెట్టినా ఒకటే అన్న ఆ పాత మాట వస్తుందోనని నా భయం. టీచరక్క వాళ్ళు రిటైరై వెళ్ళిపోయారు. ఆయన రిటైరయ్యాక మాకంటూ ఓ చిన్న ఇల్లు కట్టుకున్నాం, గ్యాసు వచ్చింది, మిక్సీ వచ్చింది, ఆవాలు మాత్రం రోట్లోనే నూరేదాన్ని, మిక్సీలో తిప్పితే ఆ ఘాటు ముక్కుదాకా వెళ్ళదు. చలికాలం వేడివేడిగా, ఎండాకాలం చల్లచల్లగా, ఒక ముద్ద మెత్తగా ఉంటే పక్కన ఒకటి కరకరలాడేలా, రంగుకి రంగు, శబ్దానికి శబ్దం చూసుకుని వండేదాన్ని. ఉప్పు మర్చిపోతే ఆయనకి తెలియదు కదా అని ఒక్క పూట కూడా అశ్రద్ధ చేయలేదు, అదేమిటో ఆయన కంచంలోకి వెళ్ళే ఉప్పంటేనే నాకు ఇంకాస్త భయంగా ఉండేది. ఆఖరి రోజుల్లో పళ్ళు పోయి, జావ తప్ప ఏదీ నమలలేకపోయారు. అప్పుడు పక్కన కూర్చుని అప్పడం ఆయన చెవి దగ్గర పెట్టి విరిచేదాన్ని. కళ్ళు తెరిచి నవ్వేవారు. పెదాలు కదిలేవి, ఏం మాటో నాకు తెలుసు.

ఇప్పుడు రుచుల గురించి మాటలకి కరువు లేదు. ఇంటికి డబ్బాల్లో వచ్చే కూర మీద కూడా దాని రుచి ఏమిటో నాలుగు మాటలు అచ్చేసి ఉంటాయి, తిన్నవాళ్ళు అది నిజమో కాదో చూసి చుక్కలు పెడతారు. మా ఇంట్లోనే ఒకరికి కారం తక్కువ, ఒకరికి నూనె తక్కువ, ఒకరికి అసలు అన్నమే వద్దు, ఎవరికి కావలసింది వాళ్ళు చెప్పి తెప్పించుకుంటారు. తప్పేముంది, నాలుకలున్నవాళ్ళు, చెప్పడం వచ్చినవాళ్ళు. నా కోడలు మంచిదే, నన్ను పొయ్యి దగ్గరకి రానివ్వదు, ఇన్నాళ్ళు వండారు కదా కూర్చోండి అంటుంది. ఎప్పుడైనా పండగపూట నేను ఏదైనా చేస్తే అందరూ తిని, ఎంతో బాగుందని అంటారు, అబద్ధం కూడా కాదు, ఉప్పూ పులుపూ సరిగ్గానే ఉంటాయి. కానీ తేడా నా చేతికి తెలిసిపోతుంది కదా. ఏ రుచీ తెలియని ఆ మనిషికి వండినంత శ్రద్ధగా నేను మళ్ళీ ఎవరికీ వండలేదు.